మూడు వానాకాలాలు, ఒక లెక్కల పుస్తకం: ప్రకృతి సేద్యంలో నా అనుభవం

ఒకే పొలం, రెండు మట్టి పరీక్షలు, రెండు రకాల ఫలితాలు. 2023 మే నెలలో ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజునే నాకు ఈ పిచ్చి పట్టుకుందని మా ఆవిడ అంటుంది.

మాది జనగామ జిల్లా. ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. నాన్న పోయాక బోరు కింద మూడెకరాలు నా చేతికి వచ్చాయి. రెండెకరాలు వరి, మిగతాది కందులు, ఇంటి కూరగాయలు. కొన్నేళ్ల కిందట మా పేరు మీద వచ్చిన మట్టి ఆరోగ్య కార్డులో నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం అని ఉంది. గట్టు అవతలి రైతు కార్డు తెప్పించి చూస్తే అందులోనూ అవే అంకెలు, దశాంశాలతో సహా. వ్యవసాయ విస్తరణాధికారిని అడిగాను. ఆ కుర్రవాడు ఏమీ దాచలేదు. 2015లో మొదలైన ఈ పథకం నియమమే అంతట: నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్ట అయితే పది హెక్టార్లకు ఒకటి. అంటే ఆరెకరాల్లో ఎవరి మడిలోనో తవ్విన మట్టి మా అందరి పేర్ల మీదా కార్డయింది. మోసం ఏమీ లేదు. కాకపోతే అది మా పొలం మట్టేనని మేమంతా అనుకున్నాం, కాదని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అందుకని నేనే తీశాను. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల జానెడు లోతుకు వి ఆకారంలో తవ్వి, గుంత అంచు నుంచి పలచగా మట్టి చెక్కాలి. గట్టు దగ్గర, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో ఇవ్వాలి. ఎరువుల సంచిలో పెట్టి ఇస్తే ఆ పరీక్షకు అర్థమే ఉండదు. ఫలితానికి మూడు వారాలు ఆగాను. సేంద్రియ కర్బనం 0.41 శాతం, అర శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. భాస్వరం హెక్టారుకు అరవై కిలోలు దాటింది. పాతిక దాటితేనే ఎక్కువ అంటారు.

నాన్న, ఆయన తర్వాత నేను, ప్రతి పంటకూ ఎకరాకు రెండు బస్తాల డీఏపీ, అంటే భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు, వేస్తూ వచ్చాం. బస్తా 1,350 రూపాయలు. నేలలో నిల్వ పడి ఉన్న సరుకునే మళ్లీ మళ్లీ, అదీ అరువు మీద, కొనుక్కొస్తున్నామన్నమాట. దుకాణాయనకు కాగితం చూపిస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అందరూ వేస్తున్నారు కదా సార్" అన్నాడు. ఆయన దగ్గర అంతకన్నా శాస్త్రం లేదు. నా దగ్గర మాత్రం అప్పటి వరకూ ఏముంది?

మార్చిలోనే ఒక శిక్షణకు వెళ్లి వచ్చాను. భోజనంతో కలిపి పదిహేను వందలు. అక్కడ చెప్పినవన్నీ 'సున్నా పెట్టుబడి ప్రకృతి సేద్యం' ప్రచారకుడు సుభాష్ పాలేకర్ పద్ధతులే: విత్తనానికి బీజామృతం, నేలకు జీవామృతం, పురుగుకు నీమాస్త్రం, అగ్నాస్త్రం. ఒక దేశీ ఆవు ఉంటే ముప్పై ఎకరాలు సాగు చేయవచ్చని, మొక్క తనకు కావలసిన దానిలో 98 శాతం పైగా గాలి, నీరు, ఎండల నుంచే తీసుకుంటుందని చెప్పారు. ఈ రెండో మాట దగ్గర నా చెయ్యి పైకి లేచింది. పదో తరగతి పిల్లలకు నేను చెప్పేదే: ఎండిన మొక్క బరువులో కర్బనం, ఉదజని, ఆమ్లజని కలిసి 96 శాతం ఉంటాయి, నిజమే. కానీ గాలిలో ఉన్న నత్రజనిని వరి మొక్క నేరుగా తీసుకోలేదు. మిగిలిన ఆ కొద్ది శాతం దగ్గరే రైతు చితికిపోయేది. శిక్షకుడు నవ్వి, "సార్, ముందు నమ్మి చేయండి, తర్వాత అడగండి" అన్నారు. మే నెలలో దుకాణాయన మాట విన్నప్పుడు, దానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇద్దరినీ ఒకే పుస్తకంలో కూర్చోబెడదామని ఆ రాత్రే రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను.

వేసవి సెలవుల్లో చదివినదంతా ఏకరువు పెట్టను. 2019 జూలై బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి ఈ సేద్యాన్ని మెచ్చుకున్నారు. అదే ఏడాది జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, నిరూపణ లేని దాన్ని ప్రోత్సహించవద్దని ప్రభుత్వానికి చెప్పింది. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసి, పంటలు దెబ్బతిని, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. మరోవైపు మా జిల్లాలోనే, లింగాలఘనపురం మండలంలో, ఏనెబావి అనే చిన్న పల్లె 2006లోనే తనను తాను రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. వీటన్నిటి నుంచి నేను తీసుకున్నది ఒకటే: మొదటి ఏడు ఒక ఎకరమే మార్చాలి. రెండో ఎకరం నాన్న పద్ధతిలోనే, డీఏపీ ఒక్కటి మానేసి.

జీవామృతం లెక్క కూడా అప్పుడే వేశాను. రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. అందులోని నత్రజని అంతా కూడితే రెండు వందల గ్రాముల చుట్టూ తేలింది. ఎకరాకు ఆరుసార్లు పోసినా కిలో పైచిలుకు. ఇరవై క్వింటాళ్ల వరికి ముప్పై కిలోలకు పైగానే కావాలి. కాబట్టి డ్రమ్ములో ఉన్నది ఎరువు కాదు, పాలకు వేసే తోడు లాంటిది. పాలు వేరే తెచ్చుకోవాలి. ఆ పాలు జీలుగ, నేలలోనే కలియదున్నే పచ్చిరొట్ట పైరు. పూత దశలో కలియదున్నితే ఎకరాకు పాతిక ముప్పై కిలోల నత్రజని వస్తుంది. డ్రమ్ము గురించి గంటల కొద్దీ మాట్లాడేవాళ్లు జీలుగ గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదలుపెట్టే వాళ్లకు నా మాట: ఆవు కన్నా ముందు జీలుగ విత్తనం సంపాదించండి. సబ్సిడీ సంచులు వచ్చిన రెండు రోజుల్లో అయిపోతాయి.

మే చివరి వారంలో జీలుగ చల్లాను. జూన్‌లో ఆవు వచ్చింది, దూడతో కలిపి 38 వేలు. మూత్రం పట్టడానికి కొట్టంలో వాలుగా సిమెంటు, మూలన చిన్న తొట్టి: ఆరు వేలు. డ్రమ్ము తొమ్మిది వందలు. సున్నా పెట్టుబడి అన్న మాట అప్పటికే నవ్వు తెప్పిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఆ పేరుతోనే మొదలైన కార్యక్రమం కూడా తర్వాత ఆ మాటను వదిలేసుకుంది.

అన్నిటికన్నా ఎదురు చూడని ఇబ్బంది బెల్లం దగ్గర వచ్చింది. డ్రమ్ముకు తినే బెల్లం ఎందుకని నల్లబెల్లం అడిగితే, కిరాణా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మా వైపు నల్లబెల్లం అంటే గుడుంబా, నాటుసారా. "సార్, మీరు కూడానా?" అన్నాడు. సగం వేళాకోళం, సగం అనుమానం. నేను పొలానికని చెప్పినా ఇవ్వలేదు, ఎక్సైజు వాళ్లతో తనకెందుకు అని. చివరికి కిలో యాభై రూపాయల మంచి బెల్లమే పోశాను.

డ్రమ్ము కలిపేటప్పుడు కర్రను గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలని శిక్షణలో గట్టిగా చెప్పారు. నేను రెండు డ్రమ్ములు పెట్టి ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పాను. మూడో రోజుకు రెండింటి మీదా అదే తెల్లటి నురగ, అదే పులిసిన వాసన. ఒకసారి గేదె పేడతోనూ చేశాను. నా కంటికీ ముక్కుకూ తేడా తెలియలేదు. అంతమాత్రాన సూక్ష్మజీవులన్నీ ఒకటేనని నేను అనను, నా దగ్గర సూక్ష్మదర్శిని బడిలోది ఒక్కటే ఉంది. కానీ దేశీ ఆవు లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు.

జూలై రెండో వారంలో జీలుగ కలియదున్ని, చివరి వారంలో నాట్లు వేశాం. విత్తనం ఇంటిదే, సన్న వడ్ల రకం ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఇది సంకర రకం కాదు, ఏటా కొనాల్సిన పని లేదు. కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీళ్లలో వడ్లు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవి కడిగి బీజామృతంలో ముంచాం. ఈ ఉప్పు నీళ్ల సంగతి అమ్మకు చిన్నప్పటి నుంచి తెలుసట. "నువ్వు అడిగితే కదా బిడ్డా చెప్పేది" అంది.

ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా నేను పొలానికి వెళ్లడానికి జంకిన రోజులున్నాయి. గట్టుకు ఒక పక్క నా రెండో ఎకరం యూరియా తాగి నల్లగా నిగనిగలాడుతోంది. ఇటు పక్క మొదటి ఎకరం లేత పసుపు. పిలకలు తక్కువ. బడికి వెళ్లే దారి పక్కనే పొలం కాబట్టి ఊరంతా చూసింది. "సారు పసుపు పంట వేసిండు" అన్నది ఆ నెల మా ఊరి హాస్యం. అమ్మ ఆ దారిన నడవడం మానేసి చెరువు కట్ట మీదుగా వెళ్లేది. ఒక సాయంత్రం మా ఆవిడ మెల్లగా, "ఏమండీ, ఒక్క అరబస్తా చల్లితే ఎవరు చూస్తారు?" అంది. ఎవరూ చూడరు. అది తెలిసే మరింత కోపం వచ్చింది, ఆమె మీద కాదు. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలు. అంత చవకగా, అంత దగ్గరగా పెట్టి, వద్దని ఎవరికి చెప్పగలం?

కలుపు ఇంకో కథ. మందు కొడితే ఎకరాకు ఏడెనిమిది వందలతో పోయేది. చేత్తో తీయించడానికి రెండు దఫాల్లో దాదాపు తొమ్మిది వేలు అయింది. మనిషికి నాలుగు వందల కూలి. ఎరువులు, మందుల దుకాణానికి పోయే డబ్బు ఆ ఏడు మా ఊరి ఆడవాళ్ల చేతికి పోయింది. ఖర్చు తగ్గలేదు, చేతులు మారింది. ఇది మంచిదో చెడ్డదో పక్కన పెడితే, ఏ ఉపన్యాసంలోనూ నాకు చెప్పలేదు.

నవంబరులో కోసినప్పుడు ఆ ఎకరం 14 క్వింటాళ్లు ఇచ్చింది. అంతకుముందు 25 వచ్చేవి. డీఏపీ మానేసిన రెండో ఎకరం దిగుబడి ఏమీ తగ్గలేదు, పాతికకు కొద్దిగా పైనే. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ వింతగా అనిపించలేదు, అందరి కళ్లూ పసుపు ఎకరం మీదే. నా మట్టికి సంబంధించినంత వరకు ఆ మూడేళ్లలో బయటపడిన అతి పెద్ద నిజం అదే అని ఇప్పటికీ అనుకుంటాను. కొనుగోలు కేంద్రంలో ఆ ఏటి 'ఏ' గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,203. నా వడ్లు ఏ మందూ తాగలేదని తూకం మనిషికి చెప్పాను. తేమ ఎంతో చూసి సంచి పక్కకు జరిపాడు. ఎకరం మీద 24 వేలు తగ్గాయి. మాస్టారి జీతం ఉంది కాబట్టి తట్టుకున్నాను. సేద్యమే బతుకైన మనిషిని ఆ పసుపు ఎకరంలోకి దింపడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

సేంద్రియ ధ్రువపత్రం ఆలోచన ఆ తూకం దగ్గరే గట్టిపడింది. కేంద్రం నడిపే పీజీఎస్ ఇండియా పద్ధతిలో రైతులే ఒకరినొకరు తనిఖీ చేసుకుని హామీ ఇచ్చుకుంటారు. బృందానికి కనీసం ఐదుగురు కావాలి. ఆధార్, పాస్‌బుక్కు నకలు, సర్వే నంబర్లు, ప్రతిజ్ఞ పత్రం, పొలం పటం. అసలు కష్టం ఐదో మనిషి. నలుగురం జూన్ 2023లోనే మాటనుకున్నాం, ఐదో ఆయన సెప్టెంబరులో ఒప్పుకున్నాడు. నమోదైన నాటి నుంచి వరి లాంటి ఏడాది పంటలకు రెండేళ్ల మార్పిడి కాలం. ఈలోగా చిన్న రైతు తన పంటను తినేవాళ్లకు నేరుగా అమ్ముకుంటే ధ్రువపత్రం తప్పనిసరి కాదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది, సంచి మీద సేంద్రియ గుర్తు మాత్రం వాడుకోకూడదు. ఇది ముందే తెలిస్తే 2023 వడ్లు తూకానికి మోసేవాణ్ణి కాదు.

తనిఖీ అంటే కాగితాల మీద సంతకాలే అనుకున్నాను. 2024 ఆగస్టులో మా బృందంలోనే ఒకాయన కొట్టంలోకి నలుగురం వెళ్లాం. అటక మీద సగం వాడిన గుళికల ప్యాకెట్టు కనిపించింది, మొగి పురుగుకు నాటిన తొలి రోజుల్లో చల్లేవి. "పాతది అన్నా, పారేయడం మరిచిపోయాను" అన్నాడు. ప్యాకెట్టు మీద తయారీ నెల ఆ ఏడాదిదే. ఎవరికీ మాట రాలేదు. వాళ్ల ఇంట్లోనే మధ్యాహ్నం భోజనం చేశాం, పచ్చిపులుసు, ముద్దపప్పు. తిని లేచి, ఆ ఎకరం మళ్లీ మొదటి ఏడు నుంచి లెక్క అని రాశాం. ఆయనే సంతకం పెట్టాడు. బాధగా ఉంది, కానీ ఊళ్లో మనుషులు చూసినంత నిశితంగా జీపులో వచ్చిపోయే అధికారి చూడలేడని ఒప్పుకోవాలి. అలాగని ఐదుగురు మిత్రులు కలిసి అబద్ధమాడాలనుకుంటే ఈ పద్ధతిలో పట్టుకునేవాడు లేడు. అందుకే సొంత డబ్బుతో బియ్యంలో మందుల అవశేషాల పరీక్ష చేయించాలని అప్పుడే అనుకున్నాం.

రెండో వానాకాలం, 2024లో, రెండెకరాలూ మార్చాను. ఈసారి పసుపు తక్కువ. అక్టోబరు మొదట్లో సుడిదోమ దిగింది. సాయంత్రం దుబ్బును తట్టి చూస్తే నీళ్ల మీద గోధుమ రంగు చుక్కలు పరుగెత్తాయి. చుట్టుపక్కల స్ప్రేయర్ల మోత. నీమాస్త్రం కొట్టాను, అగ్నాస్త్రం కొట్టాను. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు మూత్రంలో కాస్తే ఇల్లంతా రెండు రోజులు దగ్గింది. దోమకు మాత్రం పెద్దగా పట్టలేదు. పని చేసింది ఏమిటంటే, వెంటనే నీళ్లు తీసేసి మడి ఆరగట్టడం, నాట్లప్పుడు రెండు మీటర్లకు ఒక కాలిబాట వదిలి ఉండటం. యూరియా ఎక్కువైన పైరు మీద సుడిదోమ ఎక్కువగా పెరుగుతుందన్నది వ్యవసాయ శాఖ కరపత్రంలోనే ఉంది. నా పైరు మరీ ఏపుగా లేకపోవడం ఆ ఒక్క నెల కలిసొచ్చింది. ఐదు గుంటలు, అంటే ఎకరంలో ఎనిమిదో వంతు, మాడిపోయాయి, మిగతాది దక్కింది. ఎకరాకు 19 క్వింటాళ్లు.

ఇప్పుడు మిల్లు. పెద్ద మిల్లులు లారీ సరుకే పడతాయి, మన నలభై సంచులను విడిగా పట్టి ఇవ్వరు. పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న మిల్లు దొరికింది. క్వింటాలుకు అరవై కిలోల బియ్యం, ఒక్క పాలిష్. హైదరాబాద్‌లో మా పాత విద్యార్థులు, వాళ్ల స్నేహితులు కిలో డెబ్బైకి తీసుకుంటామన్నారు.

జనవరి 2025లో హైదరాబాద్ ప్రయోగశాలకు ముగ్గురి బియ్యం పంపాం. నమూనాకు ఏడు వేల చిల్లర. రెండు వారాలు. రెండు నమూనాలు శుభ్రం. నా బియ్యంలో ట్రైసైక్లజోల్, కిలోకు 0.02 మిల్లీగ్రాములు. అగ్గితెగులుకు అందరూ కొట్టే మందు అది. యూరప్ 2017లో దీని పరిమితిని 0.01కి తగ్గించినప్పుడు మన బాస్మతి ఎగుమతిదారులు తలలు పట్టుకున్నారు. ఆ కాగితం చూసి నాకు నోట మాట రాలేదు. బృందంలో ఎవరూ ఏమీ అనలేదు. ఆగస్టులో గుళికల ప్యాకెట్టు దొరికిన ఆయన మాత్రం నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఎకసెక్కం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

పక్క పొలం గాలా? కాలువ నీళ్లా? నాకు బోరే. ఇంట్లో విత్తనానికి దాచిన వడ్లు ఉన్నాయి. అవి మళ్లీ పంపాను, ఇంకో ఏడు వేలు, ఇంకో రెండు వారాలు. ఏమీ లేదు. అంటే పొలంలో కాదు, మిల్లులో. నా కన్నా ముందు పట్టిన వాళ్ల బియ్యం, తవుడు యంత్రంలోనే ఉండిపోయి నా వాటిలో కలిశాయి. మిగిలిన ఇద్దరూ ఊళ్లో వేరే గిర్నీలో పట్టించారు. అప్పటి నుంచి మొదటి సంచి మన వడ్లే పోసి యంత్రాన్ని కడిగినట్టు ఆడించి, ఆ నూకలు, బియ్యం కోళ్లకూ పశువులకూ పడేస్తున్నాం. సంచి పోతే పోయింది. ఒక్క పాలిష్ బియ్యానికి మూడో నెలలో పురుగు పట్టడం ఇంకో తలనొప్పి. కొన్నవాళ్లు ఫొటోలు పంపారు. ఇప్పుడు వడ్లుగానే నిల్వ పెట్టి, నెలకు సరిపడా మాత్రమే పట్టిస్తున్నాను.

2024 లెక్క పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: ఎకరాకు 1,140 కిలోల బియ్యం, డెబ్బై చొప్పున 79,800. సాగు ఖర్చు 27 వేలు, మిల్లు, సంచులు, రవాణా 5,700. చేతికి 47 వేలు. పక్క రైతు పాతిక క్వింటాళ్లు, మద్దతు ధర 2,320 మీద సన్న వడ్లకిచ్చే బోనస్ 500 కలిపి, 70,500, ఖర్చు నాకైనంతే. చేతికి 43,500. నాకు మూడున్నర వేలు ఎక్కువ. కానీ ఆయన డబ్బు డిసెంబరులో వచ్చింది, నాది మే దాకా చిల్లరగా వచ్చింది. పైగా తెల్లవారుజామున లేచి తొట్టి నుంచి మూత్రం తోడిన అమ్మ పనికి రోజుకు వంద రూపాయలు వేసి చూస్తే ఎకరాకు ఆరు వేలు పోయి నేనే వెనకబడ్డాను. అమ్మ కూలి ఏ విజయగాథలోనూ రాయరు. నేను రాసి చూపిస్తే అమ్మ, "మరి ఇవ్వు" అంది.

అయినా ఎందుకు మానలేదంటే, దుకాణంలో నా అరువు ఖాతా మూతపడింది. నూటికి రెండు రూపాయల వడ్డీ మీద నాన్న కాలం నుంచి నడిచిన ఖాతా అది. ఇంట్లో బియ్యం, కందిపప్పు, మిర్చి, కూరగాయలు మావే. 2025 మేలో మళ్లీ మట్టి పరీక్ష చేయిస్తే కర్బనం 0.47. రెండేళ్లకు ఆ 0.06 పెరుగుదల చాలా తక్కువ, పరీక్షలో తేడా కూడా కావచ్చు. మరో రెండేళ్లు చూడాలి.

2025 ఆగస్టులో యూరియా కోసం జనం ఎలా నిలబడ్డారో రాష్ట్రమంతా చూసింది. తెల్లవారుజాము నుంచే సొసైటీ ముందు చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి కూర్చున్నారు. నిల్వలకు కొరత లేదన్న ప్రకటన వరుసలో ఉన్నవాళ్ల ఫోన్లలోనే చదువుకున్నారు. మా బాబాయి రెండు రోజులు నిలబడి ఒక బస్తా తెచ్చాడు. రెండేళ్ల కిందట పసుపు పంట అని నవ్వినవాడు ఒకడు ఇంటికొచ్చి, "సారూ, వచ్చే ఏడుకు జీలుగ ఇత్తనం మీ దగ్గర దొరుకుతదా?" అని అడిగాడు. ఐదు కిలోలు ఇస్తానన్నాను. డబ్బు తీసుకునే ఇస్తానన్నాను.

ఆ ఏడు పది గుంటల్లో కుళ్ళకార్ అనే దేశీ ఎర్ర వరి కూడా వేశాను. ప్రకృతి సేద్యం పైరు తుపానుకు కూడా నిలబడుతుందని చాలాసార్లు విన్నాను. అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. మర్నాడు మా వైపు కుంభవృష్టి. నడుమెత్తు పెరిగిన కుళ్ళకార్ చాపలా పరుచుకుంది. ఆర్‌ఎన్‌ఆర్ సగం పడింది, గట్టు అవతలి రైతుది కూడా సగమే పడింది. పడ్డ పైరు కోయడానికి యంత్రం గంటకు అదనంగా అడిగింది. ఎకరాకు 17 క్వింటాళ్లు. నష్టం నమోదుకు వచ్చిన వాళ్లు మా ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద రాసుకున్నారు.

ధ్రువపత్రం నవంబరు చివర్లో వచ్చింది, మొదట మార్చిన ఎకరానికి. రెండో ఎకరం ఇంకా మార్పిడిలోనే ఉంది. మా ఆవిడ అద్దం కట్టిద్దామంది. కట్టించే ముందు చదివితే సర్వే నంబరులో రెండు అంకెలు తారుమారు అయ్యాయి. ఆ నంబరు ప్రకారం సేంద్రియ పొలం నాది కాదు, రోడ్డు అవతల పత్తి చేను. సవరణకు డిసెంబరు మొదట్లో దరఖాస్తు పెట్టాను. "పరిశీలనలో ఉంది" అని చూపిస్తోంది. బియ్యం మాత్రం సంక్రాంతికే చాలా వరకు అయిపోయాయి. కొన్నవాళ్లలో ధ్రువపత్రం అడిగింది ఒక్కరే, మిగతా వాళ్లంతా పురుగు పడుతుందా అని అడిగారు.